ఎర్ర రాయి పక్కన నీలి సముద్రం: లూయీ వాల్తా రంగుల్ని ఎలా చూడాలి, ఎలా వేయాలి

దక్షిణ ఫ్రాన్స్‌లో సాన్ రాఫయెల్ ఊరు దాటి తూర్పుగా వెళ్తే ఎస్తెరెల్ కొండలు నేరుగా మధ్యధరా సముద్రంలోకి దిగుతాయి. అది అగ్నిపర్వతాల నుంచి పుట్టిన రాయి. ఇనుము ఎక్కువగా ఉండటం వల్ల తుప్పు రంగు నుంచి ఇటుక రంగు దాకా ఎర్రగా ఉంటుంది. కింద నీళ్ళు ముదురు నీలం, రాళ్ళ మీద పైన్ చెట్లు ఆకుపచ్చ. సాయంత్రం ఎండ పడ్డప్పుడు అక్కడ బూడిద రంగు దాదాపు కనిపించదు. ఆ తీరంలోని ఆంతెయోర్‌లో 1899లో ఇల్లు కట్టుకుని, 1914 దాకా ప్రతి ఏటా నెలల తరబడి ఉండి బొమ్మలు వేసినవాడు ఫ్రెంచి చిత్రకారుడు లూయీ వాల్తా.

కళాచరిత్ర పుస్తకాలు ఆయనకు సాధారణంగా ఒక వాక్యం కేటాయిస్తాయి: ఇంప్రెషనిజానికీ (మారే వెలుతురును పట్టే మొనే, రెన్వార్‌ల శైలి) ఫావిజానికీ (రంగును దాని పూర్తి బలంతో వాడిన మతీస్ బృందపు శైలి) మధ్య వంతెన అని. మాట తప్పు కాదు. కానీ వంతెన అనగానే దాటి వెళ్ళిపోయేదనే అర్థం వస్తుంది, ఆయన బొమ్మ దగ్గర ఎవరూ ఆగరు. ఆగి చూస్తే తెలిసేది ఇది: ఫావిస్టులు 1905లో స్వచ్ఛమైన ఎరుపును, నీలాన్ని తమ ఇష్టప్రకారం కాన్వాసు మీదికి తెచ్చారు. వాల్తా అంతకు కొన్నేళ్ళ ముందే అదే ఎరుపును, అదే నీలాన్ని కళ్ళెదుట ఉన్నవాటిని చూసి వేశాడు. రంగు గొంతు పెంచాడు గానీ వస్తువుతో ఉన్న తాడు తెంచుకోలేదు. ఆయన పనిలో నేర్చుకోవలసిందంతా ఆ తాడు ఎక్కడ బిగిసింది, ఎక్కడ వదులైంది అన్న దగ్గరే ఉంది.

జీవితం గురించి క్లుప్తంగా. 1869 ఆగస్టు 8న దియెప్‌లో పుట్టాడు, వెర్సాయ్‌లో పెరిగాడు. పారిస్‌లో ఎకోల్ దె బోజార్‌లోనూ, తర్వాత అకాదెమీ జూలియాన్‌లోనూ చదివాడు. ఆ రోజుల్లోనే బొన్నార్, వుయార్, ఆల్బేర్ ఆంద్రె అనే చిత్రకారులు స్నేహితులయ్యారు. 1893లో ఇండిపెండెంట్ల సాలోన్ అనే వార్షిక ప్రదర్శనలో మొదటిసారి బొమ్మలు పెట్టాడు. పారిస్ వీధులు, జనం, కేఫేలు. అప్పటికే కుంచె గీతలు విడివిడిగా, చురుగ్గా ఉండేవి.

1895లో జరిగిన ఒక పని మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పారిస్‌లో లున్యే-పో నడిపే థియేటర్ ద లువ్ర్ అనే నాటకశాల ఆ ఏడాది జనవరిలో శూద్రకుడి మృచ్ఛకటికాన్ని ఫ్రెంచిలో ఆడింది. విక్తోర్ బార్యుకాన్ దాన్ని ఫ్రెంచి రంగస్థలానికి అనుగుణంగా మలిచాడు. రంగాలంకరణ పనిలో తులూజ్-లొత్రెక్, ఆల్బేర్ ఆంద్రెలతో పాటు వాల్తా కూడా ఉన్నాడు. వసంతసేన, చారుదత్తుల కథకు తెరలు కట్టిన చేతుల్లో ఆయన చెయ్యీ ఒకటి. రంగస్థలం తెర దూరం నుంచి చూసే బొమ్మ. అందులో సున్నితమైన ఛాయలు పనికిరావు, పెద్ద పెద్ద చదునైన రంగు భాగాలు, వాటి చుట్టూ స్పష్టమైన గీత కావాలి. వాల్తా తర్వాతి బొమ్మల్లో ఆకారాల చుట్టూ తిరిగే ముదురు గీతకు ఈ అనుభవం కొంత దోహదం చేసి ఉంటుందని నా అభిప్రాయం.

క్షయవ్యాధి ఆయన్ని దక్షిణానికి తరిమింది. 1890ల మధ్యలో ఆర్కషాన్, బన్యూల్స్, కొల్యూర్. బన్యూల్స్ వైపు శిల్పి మయోల్, చిత్రకారుడు గోగాన్‌కు ఆప్తమిత్రుడైన దానియెల్ ద మొన్‌ఫ్రేద్ పరిచయమయ్యారు. గోగాన్ పద్ధతి, అంటే చదునైన రంగు, చుట్టూ గీత, ఆ దారిన ఆయనకు మరింత దగ్గరైంది. కొల్యూర్ పేరు గుర్తుపెట్టుకోండి. 1905 వేసవిలో మతీస్, దెరాన్ కలిసి పనిచేసి ఫావిజానికి రూపం ఇచ్చింది ఆ ఊళ్ళోనే. వాల్తా అక్కడికి దాదాపు పదేళ్ళ ముందే వెళ్ళివచ్చాడు.

ఆంతెయోర్‌లో స్థిరపడ్డాక ఆయనకు ఇద్దరు పొరుగువాళ్ళు దొరికారు, ఇద్దరూ రెండు వేర్వేరు బడులు. తూర్పున కాన్య్‌లో రెన్వార్. పడమర సాన్ ట్రోపేలో పాల్ సిన్యాక్. రెన్వార్ దగ్గర రంగు మెత్తగా ఒకదానిలోకి ఒకటి కరుగుతుంది. సిన్యాక్ దగ్గర ప్రతి రంగూ విడి చుక్క, పక్కదానితో కలవదు. వాల్తా ఇద్దరి ఇళ్ళకూ రాకపోకలు సాగించాడు. సిన్యాక్ ఒక బొమ్మకు బదులుగా తన బొల్లే మోటారు బండిని ఆయనకు ఇచ్చాడు, ఆ బండి మీదే వాల్తా తీరమంతా తిరిగాడు. సిన్యాక్ నుంచి విడి రంగుల క్రమశిక్షణ తీసుకున్నాడు గానీ చుక్కల లెక్క తీసుకోలేదు. అది సరైన నిర్ణయమని నాకు అనిపిస్తుంది. ఎస్తెరెల్ రాయికి చీలికలు, పగుళ్ళు, వాలు ఉన్నాయి. సమానమైన చుక్కలతో వేస్తే రాయి బరువు పోతుంది.

1900లో రెన్వార్ సూచన మీద పారిస్ వ్యాపారి అంబ్రువాజ్ వొల్లార్ వాల్తాతో ఒప్పందం చేసుకున్నాడు. పది పన్నెండేళ్ళ పాటు ఆయన వేసినదాంట్లో అధికభాగం వొల్లారే కొన్నాడు. బతుకుతెరువుకు ఢోకా లేదు. అయితే కొన్న బొమ్మలు వొల్లార్ దగ్గరే పోగుపడ్డాయి, జనం కళ్ళకు తక్కువగా పడ్డాయి. 1905 శరత్కాల సాలోన్‌లో లూయీ వొసెల్ అనే విమర్శకుడు మతీస్ బృందం ఉన్న ఏడో గదిని చూసి వాళ్ళను క్రూరమృగాలతో పోల్చాడు. ఆ పేరే ఉద్యమానికి నిలిచిపోయింది. ఆ ఏడో గదిలో వాల్తా బొమ్మలు లేవు. కానీ నవంబర్ 4న లిల్యుస్త్రాసియోన్ అనే వారపత్రిక ఆ ప్రదర్శన మీద రెండు పేజీల బొమ్మలు వేసినప్పుడు మతీస్, దెరాన్, మాంగాన్, రువోల బొమ్మలతో పాటు వాల్తా సముద్రదృశ్యం కూడా అచ్చయింది. కొత్తవాళ్ళందరినీ ఒకే గాటన కట్టిన ఆ పేజీల వల్లే ఆయన్ని ఫావిస్టుల లెక్కలో వేయడం మొదలైంది. ఆయన మాత్రం ఏ ప్రకటనా రాయలేదు, ఏ బృందంలోనూ చేరలేదు.

ఇక బొమ్మ దగ్గరికి.

వాల్తా ఎక్కడ నిలబడ్డాడో తెలియాలంటే అదే తీరాన్ని ఇతరులు ఎలా వేశారో పక్కన పెట్టుకోవాలి. 1888లో మొనే ఆంతీబ్‌లో కొన్ని నెలలు పనిచేశాడు. ఆ బొమ్మల్లో ప్రతి వస్తువు మీదా గాలి పొర ఉంటుంది. దూరపు కొండ లేత నీలి గులాబీలోకి జారిపోతుంది, దగ్గరి చెట్టు కాస్త ముదురు. రంగు బలం దూరాన్ని బట్టి తగ్గుతుంది. మతీస్ 1905లో వేసిన టోపీ స్త్రీ చిత్రంలో ముఖం మీద ఆకుపచ్చ ఉంది. ఆ ఆకుపచ్చ ముఖంలోంచి వచ్చింది కాదు, బొమ్మకు అక్కడ చల్లని రంగు కావలసి వచ్చింది. వాల్తా సముద్రపు బొమ్మలు చాలావాటిలో దూరం వల్ల రంగు బలం తగ్గదు, వెనకాల కొండ కూడా ముందున్న రాయంత గట్టిగా పలుకుతుంది. ఇక్కడ మొనేను వదిలేశాడు. కానీ రాయి ఎర్రనిదే, నీడ ఊదాదే, నీరు నీలిదే. ఇక్కడ మతీస్ దాకా వెళ్ళలేదు.

ఆయన బొమ్మ ముందు నిలబడితే, లేదా మంచి అచ్చు చేతిలో ఉంటే, ముందు నీడల్ని చూడండి. రాయి మీది నీడ నల్లగానో గోధుమగానో ఉండదు. అల్ట్రామెరీన్ నీలం, క్రిమ్సన్ (చల్లని ముదురు ఎరుపు) కలిసిన ఊదా ఉంటుంది, అందులో అక్కడక్కడ శుద్ధమైన నీలం గీత. తర్వాత నురుగు. నురుగులో పచ్చి తెలుపు చాలా తక్కువ. ఎండ పడ్డ చోట తెలుపులో పసుపు, నీడలో తెలుపులో ఊదా. ఆ తర్వాత కుంచె దిశ. రాయి మీద గీతలు పగుళ్ళ వెంట కిందికి దిగుతాయి, నీటి మీద పొట్టిగా అడ్డంగా ఉంటాయి, కెరటం విరిగే చోట వంపు తిరుగుతాయి. అంటే రంగు ఎంత పెచ్చరిల్లినా గీత మాత్రం వస్తువు చెప్పినట్టే నడుస్తుంది. బొమ్మ చెదిరిపోకుండా పట్టి ఉంచేది ఇదే. చివరగా, రంగులు రెండూ కలిసే అంచు చూడండి. కొన్ని చోట్ల ముదురు నీలం గీత, కొన్ని చోట్ల ఏ రంగూ పడని కాన్వాసు సన్నటి చార.

ఒక హెచ్చరిక. ఈ కాలపు బొమ్మల్లో మనం ఇప్పుడు చూసేది అప్పుడు వేసిన రంగే అనుకోకూడదు. మాడర్ వేరు నుంచి, కొచినీల్ పురుగు నుంచి తీసిన అద్దకపు ఎరుపులు (లేక్‌లు అంటారు) వెలుతురుకు వెలిసిపోతాయి. ఎరుపు పోతే ఊదా కాస్తా నీలమవుతుంది. వాన్‌గోగ్ 1888లో వేసిన పడకగది గోడలు మొదట ఊదా రంగువి, ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. క్రోమ్ పసుపు కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పటి కాడ్మియం పసుపు కూడా నమ్మదగింది కాదు. మతీస్ 1905-06లో వేసిన జీవనానందం చిత్రంలో కొన్ని పసుపు భాగాలు దంతపు రంగుకు పాలిపోయాయని రసాయన పరీక్షల్లో తేలింది. వీటికి తోడు పాత వార్నిష్ పసుపెక్కితే నీలం ఆకుపచ్చగా మారుతుంది. మరోవైపు ఇంటర్నెట్‌లో తిరిగే ఫొటోల్లో రంగు బలం పెంచి పెట్టడం మామూలైపోయింది. వాల్తా విషయంలో ఇది మరీ నష్టం, ఎందుకంటే ఆయన ఎరుపుల మధ్య మంద్రంగా ఉండే లిలక్ (లేత ఊదా), బూడిద నీలం భాగాలు ఆ ఫొటోల్లో చచ్చిపోతాయి. ఒకే బొమ్మ ఫొటోలు రెండు మూడు చోట్ల నుంచి తీసుకుని పోల్చండి. మ్యూజియం వాళ్ళు పెట్టిందైతే నయం.

ఆయన పద్ధతి లోపలికి వెళ్ళాలంటే చూడటం చాలదు, వేసి చూడాలి. తైలవర్ణాలతో ఒక చిన్న అభ్యాసం కింద ఇస్తున్నాను. రాయి, నీరు, కొంచెం నురుగు, వెనకాల ఒక కొండ, పైన ఆకాశపు పట్టీ. అంతకుమించి వద్దు.

కాన్వాసు 46 × 38 సెంటీమీటర్లు. ఇది ఫ్రెంచి చిత్రకారుల పాత కొలతల్లో 8వ నంబరు. వాల్తా తరచుగా వాడిన 81 × 65 పెద్దది, మొదటిసారికి అంత వద్దు. రెడీమేడ్ కాన్వాసు మీద ఉన్న పూత సాధారణంగా పలచగా ఉంటుంది. దానిమీద అక్రిలిక్ జెస్సో ఇంకో రెండు పూతలు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా వేసి, రెండింటి మధ్య సన్న గరుకు కాగితంతో రుద్దండి. పూత చాలకపోతే కాన్వాసు నూనె పీల్చేసి రంగు మాడినట్టు మెరుపు లేకుండా అవుతుంది. పూత తెల్లగానే ఉంచండి. గోధుమ రంగు అస్తరు వేస్తే గీతల మధ్య వదిలిన ఖాళీలు వెలగవు, ఈ పద్ధతికి ఆ వెలుగే ప్రాణం.

రంగులు 8 చాలు: టైటానియం వైట్, కాడ్మియం పసుపు, కాడ్మియం ఎరుపు లేతది, క్వినాక్రిడోన్ క్రిమ్సన్, కోబాల్ట్ నీలం, అల్ట్రామెరీన్, విరిడియన్ (చల్లని ఆకుపచ్చ), కోబాల్ట్ వయొలెట్. చివరిది ఖరీదు, లేకపోయినా నడుస్తుంది. నలుపు లేదు, మట్టి రంగులు లేవు. అలిజరిన్ క్రిమ్సన్ బదులు క్వినాక్రిడోన్ చెప్పడానికి కారణం అలిజరిన్ వెలుతురుకు నిలవకపోవడం. ట్యూబు కొనేటప్పుడు పేరు కాదు, వెనక ఉన్న వర్ణద్రవ్యం నంబరు చదవండి. అసలు కాడ్మియం ఎరుపుకు పీఆర్ 108 అని ఉంటుంది. పేరు చివర హ్యూ అని ఉంటే అది వేరే ద్రవ్యాలతో చేసిన నకలు రంగు. అది పారదర్శకంగా ఉంటుంది, ఒక్క గీతతో కింది రంగును కప్పదు. వాల్తా రాళ్ళకు కప్పే ఎరుపు కావాలి.

తెలుపు విషయంలో జాగ్రత్త. వాల్తా ఈ రాళ్ళు వేసిన కాలంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది సీసపు తెలుపు. కాస్త వెచ్చగా ఉంటుంది, మిగతా రంగుల్ని మింగదు. టైటానియం చల్లనిది, బలం ఎక్కువ. అందుకని తెలుపు కలపాలనిపించిన చోటల్లా అనుకున్నదాంట్లో సగం కలపండి. సీసపు తెలుపు కోసం వెతకొద్దు, అది విషం. కాడ్మియం రంగుల్ని కూడా ఎండాక గరుకు కాగితంతో రుద్దకూడదు, ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు.

కుంచెలు: పంది వెంట్రుకల చదును కుంచెలు 6, 8, 10 నంబర్లు, గీతకు గుండ్రటిది 4వ నంబరు ఒకటి. ఎరుపు-పసుపు కుటుంబానికి ఒక కుంచె, నీలం-ఊదాకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, తెలుపుకు ఒకటి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పొరపాట్లు జరగవు. పల్చబరచడానికి టర్పెంటైన్, చివరి పొరలకు కొన్ని చుక్కల అవిసె నూనె. కిటికీలు తెరిచి ఉంచండి.

రంగు కలపడం కాన్వాసు మీద కాదు, ముందే పాలెట్ మీద ముద్దలుగా కలిపి పెట్టుకోవాలి. ఎండ పడ్డ రాయికి కాడ్మియం ఎరుపు 3 వంతులు, పసుపు 1 వంతు. ఇంకా వెలుగు కావాలంటే పసుపు పెంచండి, తెలుపు కాదు. తెలుపు పెంచితే రాయి గులాబీ రంగు సుద్దముక్క అవుతుంది. నడిమి ఎరుపుకు కాడ్మియం 2, క్రిమ్సన్ 1. రాతి నీడకు అల్ట్రామెరీన్ 2, క్రిమ్సన్ 1. చీకటిగా ఉంటుంది కాబట్టి కొద్దిగా తెలుపు కలిపి ఊదా బయటపడేలా చూసుకోండి. దూరపు నీటికి కోబాల్ట్ నీలం 2, తెలుపు 1. దగ్గరి నీటికి కోబాల్ట్ 1, విరిడియన్ 1, తెలుపు అర. రాయి అడుగున లోతు నీటికి అల్ట్రామెరీన్‌లో కొద్దిగా విరిడియన్. ఎండ నురుగుకు తెలుపు 20 వంతులు, పసుపు 1. నీడ నురుగుకు తెలుపు 10, పైన చెప్పిన ఊదా 1. ఇవన్నీ మొదటి ప్రయత్నానికే. మీ ట్యూబుల బలాన్ని బట్టి సరిచేసుకోవాలి. తెలుపు, కాడ్మియం ఎరుపు ముద్దలు పెద్ద చెంచాడంత, మిగతావి చిన్న చెంచాడంత ఉంటే ఈ కొలత కాన్వాసుకు సరిపోతాయి. పిసినారితనంగా రంగు పిండితే గీత సగంలో ఎండి గీకినట్టు వస్తుంది.

వీటితో పాటు తొమ్మిదో ముద్ద ఒకటి తప్పనిసరి: తెలుపులో కోబాల్ట్ నీలం, క్రిమ్సన్, చిటికెడు పసుపు కలిపిన లిలక్ బూడిద. దీని అవసరం తర్వాత తెలుస్తుంది.

మొదట గుండ్రటి కుంచెతో, టర్పెంటైన్ కలిపి నీళ్ళలా పల్చబరచిన అల్ట్రామెరీన్‌తో ఆకారాల చుట్టూ గీత. పెన్సిల్ వద్దు. ఈ గీతల్లో కొన్ని చివరిదాకా బయటికి కనిపిస్తూనే ఉంటాయి, కాబట్టి భయపడుతూ చిన్న చిన్న ముక్కలుగా గీయకుండా భుజం నుంచి చెయ్యి కదిపి గీయండి. అది కాస్త ఆరేలా పావుగంట ఆగి రాయి నీడలు వేయండి. వెంటనే రాయి, నీరు తాకే అంచు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఎండ ఎరుపు ఒక నాలుగైదు గీతలు, పక్కనే నీలం నాలుగైదు గీతలు పెట్టండి. బొమ్మ మొత్తానికి శ్రుతి అక్కడ కుదురుతుంది. ఆకాశంతో మొదలుపెట్టి కిందికి రావడం చాలామందికి అలవాటు. ఈ బొమ్మలో అలా చేస్తే ఆకాశం ఎంత గట్టిగా పలకాలో తెలియకుండానే వేసేస్తారు.

ఆ అంచు దగ్గరే అసలు చిక్కు కూడా. నారింజ ఎరుపు, నీలం ఎదురు రంగులు. పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి పెంచుతాయి, తడి మీద కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపి గోధుమ బురద అవుతాయి. అందుకని రెండింటి మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్ల కాన్వాసు వదలండి. అవసరమైతే చివర్లో, ఆరాక, ముదురు నీలం గీతతో దాన్ని మూయవచ్చు. పొరపాటున కలిస్తే పైన ఇంకో రంగు వేసి దిద్దొద్దు. ఆ బురద కొత్త రంగులోకి కూడా ఎక్కుతుంది. పాలెట్ కత్తితో గీకేసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ వేయండి.

దీనికన్నా సూక్ష్మమైన సమస్య మరొకటి ఉంది. కాడ్మియం ఎరుపు, తెలుపు కలిసిన కోబాల్ట్ నీలం ముదురు-లేతల్లో దాదాపు సమానం కావచ్చు. రంగు వేరైనా వెలుగు ఒకటే అయితే అంచు కళ్ళముందు అదురుతుంది. ఫోన్‌తో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చండి. రాయి, నీరు ఒకే బూడిద రంగులో కలిసిపోయాయా? అయితే ఆ అదురు ఒక్క చోట, ఎండ బాగా తగిలే చోట, ఉండనివ్వండి. అందమే. మిగతా అంచు పొడవునా ఒక పక్కను ముదురు చేయాలి. నీటికి అల్ట్రామెరీన్ కలిపితే సులువు. వాల్తా ఆకారాల చుట్టూ కనిపించే నీలి గీత చేసే పని కూడా ఇదే: అది అలంకారం కాదు, అదురును అదుపులో పెట్టే గట్టు.

తర్వాత రాయి పూర్తిచేయండి. గీత పొడవు దగ్గర 2 నుంచి 3 సెంటీమీటర్లు, దూరపు కొండలో 1 సెంటీమీటరు లోపు. రంగు బలం దూరానికి తగ్గించడం లేదు కాబట్టి దూరం తెలిసేది ఈ గీత కొలత వల్లనే. గీత ఒకసారి పెడితే వదిలేయాలి. దాన్నే మళ్ళీ మళ్ళీ రుద్దితే కింది రంగు పైకొస్తుంది. నీరు, కొండ, ఆకాశం, చివర నురుగు. నురుగుకు రంగు దట్టంగా, కుంచెను పక్కకు వాల్చి, ఒత్తిడి లేకుండా.

ఇప్పుడు మూడు మీటర్లు వెనక్కి వెళ్ళి చూస్తే చాలామందికి కనిపించేది ఒకటే: అన్నీ అరుస్తున్నాయి, ఏదీ వినబడటం లేదు. ఫావిస్టుల అనుకరణలు తొంభై పాళ్ళు ఇక్కడే విఫలమవుతాయి. ఎరుపు వెలగాలంటే దాని చుట్టూ వెలగనిది ఏదో ఒకటి ఉండాలి. తొమ్మిదో ముద్ద, ఆ లిలక్ బూడిద, ఇందుకే. ఆకాశపు కింది భాగంలో, దూరపు కొండ నీడలో, తడి రాయి మీద నాలుగో ఐదో చోట్ల పెట్టండి. బొమ్మ విస్తీర్ణంలో ఐదో వంతు మంద్రంగా ఉంటే మిగతా నాలుగు వంతులు నిలబడతాయి. వాల్తా మంచి బొమ్మల్లో ఈ విశ్రాంతి చోట్లు ఎప్పుడూ ఉంటాయి. బలహీనమైన బొమ్మలూ ఆయన వేశాడు, వాటిలో లోపించేది సరిగ్గా ఇదే.

ఆరడం గురించి. కోబాల్ట్ రంగులు త్వరగా ఆరతాయి, కాడ్మియంలు, క్రిమ్సన్ నెమ్మది. క్రిమ్సన్ దట్టంగా వేసి, అది లోపల పచ్చిగా ఉండగానే పైన కోబాల్ట్ నీలం పలచగా వేస్తే పై పొర ముందు బిగుసుకుని, అడుగు పొర కదిలేసరికి పగులుతుంది. అందుకే రాతి నీడల్లో క్రిమ్సన్ పలచగా ఉండాలి. కింద పల్చని రంగు, పైన నూనె ఎక్కువున్న రంగు అనే పాత నియమం ఇక్కడా వర్తిస్తుంది. ఆరాక కొన్ని భాగాలు, ముఖ్యంగా ఊదా నీడలు, మెరుపు పోయి పాలిపోయినట్టు కనిపిస్తే రంగు మారిందని కంగారుపడి మళ్ళీ వేయకండి. నూనె లోపలికి ఇంకిందంతే. పూర్తిగా ఆరిన తర్వాత ఆ చోట అవిసె నూనె అతి పలచగా రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేస్తే లోతు తిరిగి వస్తుంది. ఆ గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. నీళ్ళు పోసి మూత ఉన్న డబ్బాలో వేయండి. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, నురుగు దట్టంగా ఉంటే ఏడాది.

వాల్తా 1914లో ఆంతెయోర్ వదిలి పారిస్ చేరాడు. 1924లో షెవ్రెజ్ లోయలోని ష్వాజెల్‌లో ఇల్లు కొన్నాడు, ఆ తర్వాత తోట, పూలు, పళ్ళు, ఇంటివాళ్ళు ఆయన బొమ్మల్లో ఎక్కువయ్యారు. 1948 నాటికి గ్లాకోమా వల్ల చూపు పోయి కుంచె ఆపేశాడు. 1952 జనవరి 2న పారిస్‌లో చనిపోయాడు. ఆయన బొమ్మలు పెద్ద సంఖ్యలో జెనీవాలోని పెతీ పాలే సేకరణలో ఉన్నాయి. పూల బొమ్మలు వేలంపాటల్లో తరచూ కనిపిస్తాయి, చూడ్డానికి హాయిగా ఉంటాయి. కానీ రంగు నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొదట చూడవలసింది 1900 నుంచి 1905 మధ్య వేసిన ఎర్ర రాళ్ళనే.

మొదటి అభ్యాసం అయ్యాక అదే దృశ్యాన్ని, అదే కొలతలో, మబ్బు పట్టిన రోజుగా మళ్ళీ వేయండి. ఈసారి కాడ్మియం ఎరుపు పక్కన పెట్టి, క్రిమ్సన్, కోబాల్ట్ వయొలెట్, లిలక్ బూడిదలతోనే రాయిని నిలబెట్టాలి, ఎరుపు ఒక్క చోట మూడు గీతలకు మించకూడదు. ఆ మూడు గీతలు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మొదటి బొమ్మ మొత్తం పట్టినంత సేపు పడుతుంది.